అద్దం లేని ఐదో బోగీ: క్యోటో సగానో టొరొక్కో రైలు

జపాన్లో ఆకురాలే కాలంలో ఎర్రబడే ఆకులు చూడ్డానికి రైలెక్కేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, పెద్ద పెద్ద అద్దాలున్నాయని మురిసిపోకండి. అలాంటి టూరిస్టు రైలొకటి (పేరెందుకులెండి) ముందుగా బుక్ చేసుకుని మరీ ఎక్కాం. తీరా ఇంటికొచ్చి ఫోన్లో చూసుకుంటే ప్రతి ఫొటోలోనూ పైన ట్యూబులైటు, ఎదుటి సీటాయన బట్టతల, చిప్సు నముల్తున్న మా పాప. వీటన్నిటి వెనకాల ఎక్కడో కాస్త ఎరుపు. అప్పట్నుంచీ నాకు రైలు అద్దమంటే పడదు. సగానో టొరొక్కో ఐదో బోగీ మీద ఇంత మమకారం అందుకే. దానికి కిటికీలే లేవు.

మేముండేది ఒసాకాలో. నవంబరులో చుట్టాలెవరొచ్చినా ఇన్నేళ్లుగా వాళ్లని అక్కడికే తీసుకెళ్తున్నాను. హొజు నది పక్కన ఏడు కిలోమీటర్ల చిల్లర, 25 నిమిషాలు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఈ ఐదో బోగీకి మాత్రం పక్కలు నడుమెత్తు వరకే ఉంటాయి, పైన కప్పులోంచి ఆకాశం కనిపిస్తుంది, కాళ్ల దగ్గర జాలీ. గట్టి చెక్క బల్లలు. చెయ్యి బయట పెట్టొద్దని చెప్తారు గానీ, పెట్టకపోయినా గాలి మాత్రం మొహానికి కొడుతూనే ఉంటుంది.

ఒక ఏడాది నవంబరు చివర్లో రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. ఈ రైలు బయల్దేరే సగా స్టేషన్లో దిగేసరికి వాన. ఆపకుండా పడే సన్న ముసురు. బోగీలోకి అడుగుపెట్టగానే అత్తయ్యగారు, "ఇదేం రైలమ్మా, కిటికీలు పెట్టడం మర్చిపోయారా?" అన్నారు. స్వెట్టరు మీద శాలువా, దాని మీద నా రెయిన్‌కోటు కప్పి కూర్చోబెట్టాను. మావయ్యగారు రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో, అంటే బోగీల మరమ్మతు విభాగంలో, చేసి రిటైరయ్యారు. ఆకుల సంగతి ఆయనకు పట్టలేదు. రైలు కదిలిన రెండు నిమిషాలకే, "ఇది పాసింజరు బోగీ కాదమ్మాయ్, గూడ్సు ఊపు" అని తేల్చేశారు. నిజమే, పాత ఓపెన్ గూడ్సు వ్యాగన్లనే ఈ రైలు బోగీలుగా మార్చారు. ఇంజను ఎప్పుడూ సగా వైపే ఉంటుంది, అవతలి చివరున్న కమెఒకా వెళ్లేటప్పుడు వెనక నుంచి నెడుతుంది. అది కూడా ఆయనే కనిపెట్టి, దారి పొడుగునా వెనక్కి తిరిగే కూర్చున్నారు.

అరాషియామా స్టేషన్ దాటి టన్నెల్లోంచి బయటపడ్డాక చూడాలి. ఎండలో మేపుల్ ఆకు నారింజ రంగుకి తిరిగి కాస్త వెలిసినట్టుంటుంది. తడిస్తే కొమ్మ నల్లబడి, ఆకు చిక్కటి ఎరుపుకొస్తుంది. లోయలో నది మీంచి తెల్లగా మబ్బు లేస్తోంది, దాని మీద ఆ ఎరుపు. పక్క బోగీల్లో వానకి కిటికీలు దించేశారు, అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లబడిపోయాయి. మాకు ఆ గొడవే లేదు. ఒకచోట కొమ్మ మరీ దగ్గరికొచ్చింది, ఆ విసురుకి తడి ఆకొకటి వచ్చి అత్తయ్యగారి కళ్లద్దాలకి అంటుకుపోయింది. ఆవిడ కంగారు పడలేదు. తీసి, పోపులో వేసే ముందు కరివేపాకు చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఏడు మొనలు లెక్కపెట్టి, పర్సులో దాచారు. కింద నదిలో పడవ వాళ్లు చేతులూపితే ఈవిడ లేచి నిలబడి, "జాగ్రత్త బాబూ, జారుతుంది" అని కేక. వాళ్లకి వినిపించి ఉండదు. మా ఎదుట కూర్చున్న జపాన్ పెద్దావిడకి మాత్రం వినిపించింది. ఏం అర్థమైందో గానీ, ఆవిడా లేచి చెయ్యూపింది.

ఆ రోజు మురిపెంతో చాలామందికి "కొండంతా ఎర్రగా ఉంటుంది" అని చెప్పేశాను. అంత లేదు. లోయలో ఎక్కువ భాగం దేవదారులూ పైన్లూ, ఆకుపచ్చే. 1989లో జేఆర్ (జపాన్ రైల్వే) తన లైను కొత్త టన్నెళ్లలోకి మార్చుకుంటే, వదిలేసిన పాత పట్టాల మీద 1991లో ఈ రైలు మొదలైంది. నడిపేవాళ్లే పట్టాల పక్కన చెర్రీ, మేపుల్ మొక్కలు నాటారు. అందుకే ఎరుపు పట్టాలకి దగ్గర్లో, స్టేషన్ల చుట్టూ గుత్తులుగా ఉంటుంది. దగ్గరగా చూడ్డానికైతే బావుంటుంది, దూరపు కొండ ఫొటో కోసం వెళ్తే నిరాశే. ఇంకోటి, ఐదో బోగీ ఇంజను పక్కనే. టన్నెల్లో ఆ చప్పుడుకి మాట వినపడదు, డీజిలు వాసన కూడా వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లని నేనైతే అందులో ఎక్కించను.

అద్దాల్ని మరీ తిట్టానేమో. క్యోటోలోనే ఎయిజాన్ రైల్వేలో కిరారా అని పెద్ద కిటికీల బండి ఉంది, మామూలు టికెట్టే. ఇచిహరా, నినొసె స్టేషన్ల మధ్య మేపుల్ చెట్లు రెండు పక్కల నుంచీ కమ్ముకుంటాయి. నవంబరు రాత్రుళ్లు చెట్లకి లైట్లేసి, బండిలో లైట్లు ఆర్పేస్తారు. లోపల చీకటైతే అద్దంలో మన మొహాలు కనిపించవు కదా. ఆ ఒక్క అద్దాన్నీ క్షమించాను.

మేం దగ్గర్లో ఉంటాం, వారం మధ్యలో ఆకాశం చూసుకుని బయల్దేరగలం, చలికి అలవాటు పడ్డాం. ఇండియా నుంచి వారం రోజుల ట్రిప్పులో వస్తూ, చంకలో చంటిపిల్లతో ఉన్నవాళ్లకి ఒకటి నుంచి నాలుగు బోగీలే నయం. వాటి కిటికీలు తెరుచుకోవచ్చు, వానొస్తే మూసుకోవచ్చు. ఆకులు నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా, అదీ ఆ ఏడాది చలిని బట్టి. వెళ్లేటప్పుడు ఈ రైలెక్కి, తిరుగుప్రయాణానికి టొరొక్కో కమెఒకా స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిచి ఉమహొరి స్టేషన్లో జేఆర్ ఎక్కితే డబ్బూ, టైమూ కలిసొస్తాయి. కాకపోతే ఆ దారంతా దాదాపు టన్నెళ్లే, చూడ్డానికేం ఉండదు.

అత్తయ్యగారు మళ్లీ వస్తే ఐదో బోగీయే కావాలంటున్నారు. మావయ్యగారికి ఒకటో బోగీ కావాలట, కమెఒకా వెళ్లేటప్పుడు డ్రైవరు కూర్చునేది అందులో. ఎవరి టికెట్టు వాళ్లకి తీస్తాను.