కళింగపట్నం నుంచి శాలిహుండం కొండకు ఉదయపు పరుగు

శ్రీకాకుళంలో పదిమంది కలిసి పొద్దున్నే పరుగెత్తాలంటే అందరికీ ముందు తట్టేది అరసవల్లి. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి రెండు మూడు కిలోమీటర్లే కాబట్టి కొత్తవాళ్ళకి అదే నయం. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, దర్శనానికొచ్చే జనంతో, ఆటోలతో అడుగు పడదు. శ్రీకూర్మం సుమారు 13 కిలోమీటర్లు, దూరాలు అలవాటున్నవాళ్ళకే. రకరకాల వేగాలవాళ్ళున్న గుంపుకైతే కళింగపట్నం సముద్రం దగ్గర మొదలెట్టి శాలిహుండం కొండ మీద ముగించే దారిని మించింది లేదు.

తూర్పు నుంచి పడమరకే పరుగెత్తాలి. ఎదురుగా వెళ్తే లేత ఎండ కళ్ళలో కొట్టి గుంతలు కనిపించవు. డిసెంబరులో 6.20 ప్రాంతంలో, మే చివర 5.20కే పొద్దు పొడుస్తుంది. వేసవిలో 7 దాటితే గాలిలోని తేమకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అక్కడే కళ్ళు తిరుగుతాయి.

బస శ్రీకాకుళంలోనే, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీల్లో చూసుకోవడం మేలు. రైల్లో వచ్చేవాళ్ళు దిగాల్సిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, ఊరికి పన్నెండు కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సుని నమ్ముకోకుండా పన్నెండు మందికి ఒక వ్యాన్ ముందురోజే మాట్లాడుకోవాలి. గుంపు వెనకాల నీళ్ళు మోసేదీ, ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకునేదీ అదే.

ఇసుకలో పరుగు మొదలెట్టొద్దు. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క పట్టేస్తుంది. లైట్‌హౌస్ చూసుకుని, తారురోడ్డు మీదికొచ్చి పది నిమిషాలు నడిచాకే పరుగు. వంశధార నది సముద్రంలో కలిసేచోట నీళ్ళలోకి దిగనే వద్దు, లోపలికి లాగేస్తుంది.

రోడ్డుకి కుడివైపు, ఎదురొచ్చే బండి కనబడేలా, ఇద్దరిద్దరుగా సాగాలి. కోతల కాలంలో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. మంచుకి తడిసిన గడ్డి నూనె పూసినట్టు జారుతుంది, అది రైతు సొమ్ము కూడాను. పక్కనుంచి నడిచి దాటాలి. ఊళ్ళలో కుక్కలు వెంటపడేది పరిగెత్తేవాళ్ళనే, అక్కడ కూడా నడకే.

మనిషికి లీటరు నీళ్ళు లెక్క. ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టుని అరలీటరు సీసాలో కలిపేస్తుంటారు, ఆ ఉప్పుకి దాహం పెరిగి కడుపులో తిప్పుతుంది. బయల్దేరేముందు చోడి (రాగి) అంబలి అరగ్లాసు చాలు, ఇడ్లీలు వెనక్కొచ్చాకే.

కొండ మెట్ల దగ్గర పరుగు ఆపేయాలి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం ఇది. మహాస్తూపం, చైత్యాల ఇటుక గోడలు ఎక్కి కూర్చోడానికి కావు. పైనుంచి వంశధార మలుపు, దూరంగా సముద్రం కనిపిస్తాయి. ఏడింటికి చేరినవాళ్ళకి మ్యూజియం తెరిచి ఉండదు. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు ఈ కొండ మీద దొరికినవే, వాటి సంగతి తెలుసుకోవాలంటే మరో పూట తీరిగ్గా రావాలి. దిగేటప్పుడే మోకాళ్ళు ఎక్కువ నలుగుతాయి, మెట్టుమెట్టుకీ ఆగి దిగాలి. కింద వ్యాన్‌లో పొడి చొక్కా ఉండాలి, తడి బనీనుతో ఊరి దాకా కూర్చుంటే నడుం పట్టేస్తుంది.