తొలి వెబ్ పేజీకి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్: ఏళ్ల తరబడి వాడాక

అమీర్‌పేటలో డిగ్రీ విద్యార్థులకు వెబ్ పేజీల తయారీలో ఓనమాలు నేర్పడానికి కొన్నేళ్లుగా నేను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌నే వాడుతున్నాను. 2003లో వెలువడిన, కోడ్ రాసుకోవడానికి పనికొచ్చే ఈ ఉచిత ఎడిటర్ పాత కంప్యూటర్లలోనూ చకచకా పనిచేస్తుంది. అయితే నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం, ఫైలులో ఏముందో దాచకుండా చూపించడమే.

ఫైలు పేరు చివరి భాగాన్ని విండోస్ మామూలుగా కనబడనివ్వదు కాబట్టి, పేజీ ‘ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ డాట్ టీఎక్స్‌టీ’గా సేవ్ అయినా కొత్తవారికి తెలియదు. బ్రౌజరు దాన్ని వెబ్ పేజీగా కాక మామూలు రాతగా చూపిస్తుంది. ట్యాగులు, అంటే ఏ భాగం ఏమిటో బ్రౌజరుకు చెప్పే గుర్తులు, ఉన్నవి ఉన్నట్టే కనిపించేసరికి కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. ఇందులో పూర్తి పేరు ట్యాబ్ మీదే ఉంటుంది.

తెలుగులో పేజీ రాసేవారికి ఎడిటర్ కింది పట్టీలో కనిపించే ‘యూటీఎఫ్-8’ అన్న మాట మరీ ముఖ్యం. తెలుగుతో సహా అన్ని లిపుల అక్షరాలనూ ఫైలులో భద్రపరిచే పద్ధతి అది. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌కు ముందు మామూలు నోట్‌ప్యాడ్ ఫైళ్లను తెలుగు అక్షరాలకు చోటులేని ఏఎన్ఎస్ఐ పద్ధతిలో సేవ్ చేసేది. హెచ్చరిక చదవకుండా ‘ఓకే’ నొక్కి మూసేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయేవి, మళ్లీ మొదటినుంచి రాసుకోవలసిందే.

చార్మినార్ మీద ఒక విద్యార్థిని చేసిన పేజీలో శీర్షికతో పాటు కింది పేరాలన్నీ లావుగా, పెద్దగా కనిపించాయి. పెద్ద శీర్షికను సూచించే ప్రారంభ హెచ్1 ట్యాగు మీద కర్సర్ పెడితే దాని జోడు ట్యాగు కూడా రంగు మారాలి. మారలేదు కాబట్టి ముగింపు ట్యాగు లేదని ఆమే పట్టుకుంది. నా దృష్టిలో ఈ ఎడిటర్ విలువంతా అక్కడే ఉంది.

లోపాలూ ఉన్నాయి. ఇది విండోస్‌కే పరిమితం. మార్పు చేసిన ప్రతిసారీ సేవ్ చేసి, బ్రౌజరులో ఎఫ్5 నొక్కాలి. వీఎస్ కోడ్ అనే మరో ఎడిటర్‌లో, మార్పులను బ్రౌజరులో తానే చూపించే లైవ్ సర్వర్ పెట్టుకుంటే ఆ శ్రమ ఉండదు. కానీ రాసే ఫైలు వేరు, దాన్ని చదివి చూపించే బ్రౌజరు వేరు అన్న సంగతి మనసుకెక్కాలంటే తొలి వారాల్లో ఈ శ్రమే మేలని నా నమ్మకం.

పేజీని ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా చేసే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేటప్పుడు మాత్రం ఇది ఆదుకోదు. ఫొటో పేరులో పెద్దబడి అక్షరాలుండి కోడ్‌లో చిన్నబడి రాసినా విండోస్‌లో బొమ్మ వస్తుంది, అక్కడ రాదు. అందుకే ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడిలోనే, ఖాళీలు లేకుండా పెట్టమని మొదటి రోజే చెబుతాను.