పన్నెండు ఆదివారాల పరిచర్య శిక్షణ: హాజరైన ఒక విశ్వాసి అభిప్రాయం

సికింద్రాబాద్‌లోని ఒక క్రైస్తవ సంఘం సామాన్య విశ్వాసుల కోసం నడుపుతున్న పరిచర్య (ప్రభువు పేరిట చేసే సేవ) శిక్షణ తరగతులకు ఈ మధ్య హాజరయ్యాను. లోపాలను కూడా చెప్పవలసి ఉన్నందున సంఘం పేరు రాయడం లేదు. వరుసగా పన్నెండు ఆదివారాలు, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకు తరగతులు జరిగాయి. పుస్తకానికీ టీకీ కలిపి 300 రూపాయలు తీసుకున్నారు. మాతో కూర్చున్నవారిలో కుట్టుపని చేసే అక్కలు, ఇద్దరు ఆటో డ్రైవర్లు, ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఉన్నారు. వేదాంత కళాశాలలో చదివినవారు ఒక్కరూ లేరు.

మొదటి తరగతి మొత్తం బైబిలులోని అపొస్తలుల కార్యముల గ్రంథంలోని తొలి వాక్యం మీదనే సాగింది. యేసు ‘చేయుటకును బోధించుటకును ఆరంభించిన’ వాటిని గురించి తన మొదటి గ్రంథమైన సువార్తలో రాశానని దాని రచయిత లూకా అంటాడు. ఆయన ఆరంభించినది సంఘం చేతుల్లో కొనసాగుతోందనీ, అందులోనూ చేయడం ముందు, బోధించడం తరువాత వస్తుందనీ మా శిక్షకురాలు వివరించారు. ఆవిడ ఎన్నో ఏళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దావిడ. చెప్పినట్టే, పాఠాలు సగమైనా కాకముందే, రెండో వారంలోనే మమ్మల్ని ఇద్దరిద్దరిగా ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. లూకా సువార్త పదో అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని పంపినదీ ఇద్దరిద్దరినే.

ఈ శిక్షణకు నేను ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ఆ ఆసుపత్రి సాయంత్రాలే. వార్డు బయట చాప మీద కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లి, ఆయన కొడుకు ఆపరేషన్ సంగతి తెలుసుకుని, వెంటనే ప్రార్థన మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా తల వంచుకుని కూర్చున్నారు. బయటకు వచ్చాక మా శిక్షకురాలు అమ్మగారు నన్ను పక్కకు పిలిచి, ‘ఆయనకు ఏం కావాలో అడిగావా బాబూ?’ అన్నారు. అడగలేదు. యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి ఎదుట నిలిచినప్పుడు, అతనికి ఏమి కావాలో కళ్లకు కనబడుతూనే ఉన్నా, ‘నేను నీకేమి చేయగోరుచున్నావు’ అని ప్రభువు అడిగిన సంగతి ఆవిడ గుర్తు చేశారు. మరుసటి వారం అడిగాను. ఆరోగ్యశ్రీ కాగితాల్లో ఏదో తక్కువైందంటున్నారనీ, తనకు చదవడం రాదనీ, ఏ కౌంటర్‌కు పోవాలో తెలియడం లేదనీ ఆయన చెప్పారు. ఆ సాయంత్రమంతా ఆయనతో వరుసల్లో నిలబడ్డాను.

ఆయన మన విశ్వాసంలో ఉన్నవారు కారు. ప్రార్థన చేయమని ఒక్కసారీ కోరలేదు. మరి ఇది పరిచర్య ఎలా అవుతుందని తరగతిలో అడిగాను. ప్రభువు చేత పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైతే తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడే, అయినా మిగిలిన తొమ్మండుగురి స్వస్థతను ప్రభువు వెనక్కి తీసుకోలేదు కదా అన్నారు అమ్మగారు. జబ్బుతో, అప్పుతో కుంగిపోయిన మనిషి నిస్సహాయతను మన సువార్తకు సందుగా వాడుకోకూడదన్న హద్దును ఇంత స్పష్టంగా చెప్పిన శిక్షణ నేను ఇంతవరకు చూడలేదు.

మన ప్రాంతపు చరిత్ర మీద ఒక్క తరగతే ఉంది, అది సరిపోదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య, బాప్తిస్మం తీసుకున్నవారి చేత తమ తల మీద చేయి పెట్టుకుని ‘సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ’ అనిపించేవారు. చదువురాని కూలీలే తమ బంధువులకు సాక్షులయ్యారు. కరువు రోజుల్లో పస్తులున్నవారికి పని కల్పిస్తూ మిషనరీ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924లో ప్రతిష్ఠితమైంది. ఈ రెండింటినీ కలిపి చెప్పి ఉంటే నోటి సాక్ష్యం, చేతి పని ఒకే పరిచర్య అని మాకు ఇంకా బాగా అర్థమయ్యేది.

ఏడో వారం వచ్చిన అతిథి బోధకుడు తరగతంతా కరపత్రాలు ఎన్ని పంచాలో లెక్కలు చెప్పారు. అంతకుముందు నేర్చుకున్నదానికి అది పూర్తిగా ఎదురుగా ఉండటం నన్ను నిజంగా బాధపెట్టింది. ‘వాటికంటె మరి గొప్పవియు అతడు చేయును’ అని, తన క్రియలతో పోల్చి తనను నమ్మినవాని గురించి యేసు చెప్పిన యోహాను సువార్త వాక్యాన్ని అద్భుతాల సంఖ్యగా వివరించి ముగించారు. ఒక్క గలిలయలో, యూదయలో జరిగిన పని పరిశుద్ధాత్మ ద్వారా అన్ని ఊళ్లకూ విస్తరించడమే ఆ గొప్పతనమని నేను నమ్ముతాను. దాని మీద చర్చకు చోటు ఇచ్చి ఉండవలసింది.

మరొక లోటు ఇంతకంటే పెద్దది. మేము చూడటానికి వెళ్లే ఒక చిన్నపాప తొమ్మిదో వారంలో చనిపోయింది. మా జట్టులోని ఒక అక్క ఆ తరువాత రెండు వారాలు తరగతికి రాలేకపోయింది. అమ్మగారు స్వయంగా ఇంటికి వెళ్లి పలకరించారు గానీ, పరామర్శకు వెళ్లేవారి దుఃఖాన్ని ఎవరు మోయాలన్నది పాఠాల్లో ఎక్కడా లేదు. పన్నెండు వారాలయ్యాక మమ్మల్ని కలిపి ఉంచే ఏర్పాటు కూడా సంఘం చేయలేదు.

ఇన్ని చెప్పినా, చేరమనే చెబుతాను. అయితే ఆదివారాలతో పాటు వారంలో ఇంకొక సాయంత్రం ఆసుపత్రికి కేటాయించగలవారే చేరాలి. మాలో ఆరుగురం ఇప్పటికీ బుధవారాలు వెళుతున్నాం. అక్క కూడా వస్తోంది.