కషిమాలో రెండు రోజులు: ఉక్కు ఊరి ఫుట్‌బాల్, చేదు మిగిల్చిన బస

జపాన్‌లోని కషిమాలో మేము దిగిన లాడ్జి సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ ఊరు పగలంతా ఇచ్చిన సంతోషంలో సగం ఆ ఒక్క రాత్రిలోనే ఆవిరైపోయింది. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నెల రోజుల ముందే, పొగ తాగనివారి గదులే కావాలని అడిగి మరీ, రెండు గదులను ఒక్కొక్కటి 9,800 యెన్‌లకు ఖాయం చేశాడు. మ్యాచ్ ముగించుకుని సాయంత్రం ఆరున్నరకు వెళ్లేసరికి, అది మామూలు రోజుల ధర అనీ, మ్యాచ్ ఉన్న శనివారం గదికి 14,500 యెన్‌లు అవుతుందనీ కౌంటర్‌లో ఉన్నాయన తల వంచి ఎంతో మర్యాదగా చెప్పాడు. అబ్బాయి ఫోన్‌లోని బుకింగ్ చూపితే ఆయన ఇంకోసారి తల వంచాడే తప్ప ధర తగ్గించలేదు. చుట్టుపక్కల మరెక్కడా గది దొరకదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. రెండు గదులకు కలిపి అదనంగా పోయిన 9,400 యెన్‌లు మన డబ్బులో దాదాపు అయిదున్నర వేల రూపాయలు.

డబ్బు పోతే పోయింది, గది బాగుంటే ఇంత బాధ ఉండేది కాదు. మాకిచ్చిన గదిలో కర్టెన్లకు ఏళ్ల తరబడి పట్టిన సిగరెట్ వాసన, పరుపు మీది దుప్పటికి నిప్పు అంటుకుని పడిన చిల్లు, బెత్తెడు కంటే ఎక్కువ తెరుచుకోని కిటికీ. మనవరాలు రాత్రి పదకొండింటికి దగ్గడం మొదలుపెట్టింది. మా ఆవిడ తన నూలు చీరను తలగడ మీద రెండు మడతలు వేసి పరిచి, పిల్లను దాని మీద పడుకోబెట్టి తాను కూర్చునే తెల్లవార్చింది. స్టేషన్‌కు పది నిమిషాల నడక అని రాసుకున్న ఆ లాడ్జి నిజానికి ముప్పయి అయిదు నిమిషాల దూరంలో, కాలిబాట లేని రోడ్డు పక్కన ఉంది.

ఇక ఆ ఊరికి ఎందుకు వెళ్లామో చెప్పాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్పయ్యేళ్లు పనిచేసిన నాకు, అక్కడి కషిమా ఆంట్లర్స్ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు దేశంలోకెల్లా ఎక్కువ ట్రోఫీలు గెలిచిన క్లబ్బుగా ఎదిగిందని తెలిసిన నాటి నుంచి ఆ ఊరు చూడాలన్న కోరిక ఉంది. కోడలు క్యోటో అంది, మనవరాలు డిస్నీలాండ్ అంది. నా పట్టుదల వల్లే అందరూ వచ్చారు కనుక, ఆ రాత్రి వాళ్ల ముఖాలు చూడటం నాకు మరింత కష్టమైంది.

కషిమా ఆంట్లర్స్ మూలం 1947లో ఒసాకాలో సుమితోమో మెటల్ కంపెనీ ఉద్యోగులు పెట్టుకున్న జట్టు. కంపెనీ టోక్యోకు ఈశాన్యాన ఉన్న ఇబారకి రాష్ట్ర తీరంలో కొత్త ఉక్కు కర్మాగారం కట్టుకున్నాక, 1975లో జట్టు కూడా కషిమాకు తరలివచ్చింది. తొంభైల మొదట్లో జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్, అంటే జె లీగ్, పెట్టాలనుకున్నప్పుడు ఇది రెండో డివిజన్ జట్టు, ఊరి జనాభా యాభై వేలు కూడా లేదు. లీగ్ తొలి అధ్యక్షుడు కవాబుచి సబురో, మీకు అవకాశం లేదనే మాట 99.9999 శాతం ఖాయమని చెప్పి, పదిహేను వేల మంది పట్టే, పైకప్పు ఉన్న స్టేడియం కడితే మాత్రం చూద్దామన్నారు. పొమ్మనలేక పొగబెట్టడమే అది. కానీ ఊరు, ఇబారకి ప్రభుత్వం, కంపెనీ కలిసి ఆ స్టేడియాన్ని నిజంగానే కట్టి చూపించాయి. 1993లో లీగ్ మొదలైనప్పుడు తొలి పది జట్లలో కషిమా ఒకటి.

బ్రెజిల్ మహా ఆటగాడు జీకో 1991లో, ముప్పయ్యెనిమిదేళ్ల వయసులో, ఈ రెండో డివిజన్ జట్టుకే వచ్చాడు. 1993 మే 16న కషిమా తన తొలి లీగ్ మ్యాచ్‌లో నగోయాను 5-0తో ఓడించగా, అందులో మూడు గోల్స్ జీకోవే. స్టేడియం బయట ఆయన విగ్రహం దగ్గర ఫొటోలకు వరుస కట్టినవాళ్లలో, రంగు వెలిసిన పాత ఎర్ర జెర్సీ వేసుకున్న డెబ్బయ్యేళ్ల పెద్దాయన ఒకరు మా మనవరాలిని పిలిచి, తన జెర్సీ చేతి మీద దారంతో కుట్టించుకున్న 1993 అంకెను వేలితో చూపించారు. అదే జీకో 2014 నుంచి 2016 వరకు మన ఎఫ్‌సీ గోవాకు కోచ్‌గా ఉన్నాడని అబ్బాయి జపనీస్‌లో చెప్పగానే, ఆ పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. అబ్బాయి ముఖంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది అప్పుడే.

టోక్యో స్టేషన్ నుంచి, ఊళ్లోని పాత మందిరం పేరే పెట్టుకున్న కషిమా జింగూ స్టేషన్‌కు హైవే బస్సులో దాదాపు రెండు గంటలు, ఏ ఇబ్బందీ లేదు. ఆంట్లర్స్ అంటే జింక కొమ్ములు. కషిమా అన్న పేరు రాసే అక్షరాల్లోనే జింక ఉంది, అక్కడి మందిరంలో జింకలను దేవుడి దూతలుగా పెంచుతారు. భూకంపాలు తెచ్చే చేపను అణచిపెడుతుందని చెప్పుకునే రాయి కూడా ఆ మందిరం అడవిలోనే ఉంది. 2011 భూకంపంలో మందిరపు రాతి తోరణం కూలిపోగా, 2014లో అదే అడవిలోని దేవదారు మాన్లతో కొత్తది నిలబెట్టారు. ఆ భూకంపానికి స్టేడియం కూడా దెబ్బతిని, క్లబ్బు కొంతకాలం సొంత మ్యాచ్‌లను టోక్యోలో ఆడుకోవాల్సి వచ్చింది.

టికెట్ మనిషికి 3,800 యెన్‌లు. మ్యాచ్ గురించి పెద్దగా చెప్పను, తిండి గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ స్టేడియంలో మోత్సుని అనే పేగుల కూర ప్రసిద్ధి. కాగితపు గిన్నెలో 600 యెన్‌లకు ఇచ్చారు. మిసో అనే సోయా ముద్దతో చేసిన పులుసులో గంటల తరబడి ఉడికిన ముక్కలు, పైన సన్నగా తరిగిన ఉల్లికాడలు, అచ్చం మన బోటీ కూరే, కారం మాత్రం లేదు. అబ్బాయి సంచిలోంచి ఎండుకారం పొట్లం తీసి చల్లి ఇచ్చాక రెండో గిన్నె కూడా తెప్పించుకున్నాను. మాంసం ముట్టని మా ఆవిడకు ఏం దొరుకుతుందో అన్న బెంగ, 1,200 యెన్‌లకు ఒక ఖర్బూజాను సగానికి కోసి చెంచాతో సహా ఇచ్చిన చోట తీరిపోయింది. ఇబారకి ఖర్బూజాలకు పేరున్న ప్రాంతం, మే నెలలో వాటి తీపి నేను వేరే ఎక్కడా ఎరగను.

ఆదివారం ఉదయం ఆ లాడ్జిలో టీ కూడా తాగకుండా బయటపడి, టాక్సీకి 3,400 యెన్‌లు ఇచ్చి రేవు పక్కనున్న పార్కు గోపురం ఎక్కాం. అక్కడి నుంచి ఉక్కు కర్మాగారం మొత్తం కనిపిస్తుంది. ఇక్కడి రెండు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒకదాన్ని ఆపేస్తామని కంపెనీ 2021లోనే ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందే, 2019లో, క్లబ్బులో మెజారిటీ వాటాను మెర్కారి అనే ఇంటర్నెట్ కంపెనీకి అమ్మేసింది. ఫర్నేసు ముందు వేడికి ఏళ్ల తరబడి నిలబడ్డవాడిని కనుక, ఆ చల్లారిన కొలిమి వార్త నాకు కేవలం వార్తగా తోచలేదు. అయితే 2016 క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్‌లో, షిబసకి గాకు కొట్టిన రెండు గోల్స్‌తో రియల్ మాడ్రిడ్‌ను అదనపు సమయం దాకా లాగి 4-2తో ఓడిన జట్టు, 2018లో ఆసియా చాంపియన్‌గా నిలిచి ఇరవయ్యో పెద్ద ట్రోఫీ అందుకున్న జట్టు, ఆ కొలిమిలో పనిచేసినవాళ్లు మొదలుపెట్టినదే కదా అని, గోపురం మీద చాలాసేపు నిలబడ్డాను. కిందికి వెళ్దామని ఎవరూ తొందర పెట్టలేదు.

వెళ్లదలచినవారు మధ్యాహ్నం మ్యాచ్ ఉన్న రోజునే ఎంచుకోండి, రాత్రి మ్యాచ్ అయితే తిరుగు దారిలో వాహనాల రద్దీ తప్పదు. కషిమా జింగూ నుంచి స్టేడియం స్టేషన్‌కు రైలు ఒక్క స్టాపే, కానీ అక్కడ మ్యాచ్ రోజుల్లో మాత్రమే ఆగుతుంది. రాత్రి బస కషిమాలో వద్దు, విమానాశ్రయం ఉన్న నారితాలో గది తీసుకోండి. తప్పక ఇక్కడే ఉండాల్సి వస్తే, మ్యాచ్ రోజు ధర ఎంతో, ఏ గది ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే బయలుదేరండి. మా అయిదుగురికీ రెండు రోజులకు మొత్తం 92,600 యెన్‌లు అయింది. అందులో మా ఆవిడ టోక్యోకు మోసుకొచ్చిన రెండు ఖర్బూజాలకు పెట్టిన 3,000 కూడా ఉంది.