ఫ్లాపీ మార్చానని దానికెవరు చెప్పాలి?

వర్చువల్ మెషీన్‌కి (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్, వీఎం) నిజం ఫ్లాపీ డ్రైవ్ తగిలించుకుని వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. యూఎస్‌బీ డ్రైవ్, హోస్ట్ (వీఎంని నడిపే అసలు కంప్యూటర్) లినక్స్, లోపల ఎంఎస్-డాస్ 6.22 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్. ఎలా తగిలించాలో ఇక్కడ చెప్పను. నా గొడవంతా ఫ్లాపీ మార్చడం గురించే.

మొదట్లో కనిపించినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయాను. విండోలో డిర్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) అని కొడితే బల్లమీద డ్రైవ్ లైటు వెలిగి, గర్రుమని తిరిగి, హెడ్ టకటకా కదులుతుంది. ఫ్లాపీ మొత్తాన్ని ఒక్క ఫైలుగా చేసిన ఇమేజ్ ఫైలుతో ఆ సరదా ఎక్కడిది?

ఒకరోజు పాత ఫ్లాపీలు వరసగా చూస్తున్నాను. మొదటిదాంట్లో నాలుగే చిన్న ఫైళ్లున్నాయి. అది తీసి రెండోది పెట్టి డిర్ కొడితే మళ్లీ ఆ నాలుగు పేర్లే వచ్చాయి. లైటు కూడా వెలగలేదు. అక్కడే ఆగాల్సింది. ఇదీ దాని కాపీయేమోలే అనుకుని ఒక టెక్స్ట్ ఫైలు అందులోకి కాపీ కొట్టాను. ఈసారి డ్రైవ్ శుభ్రంగా గర్రుమంది. తర్వాత హోస్ట్‌లో తెరిచి చూస్తే రెండో ఫ్లాపీలో మొదటిదాని పేర్లున్నాయి, తెరిస్తే లోపల చెత్త. దానిలో అసలున్న పన్నెండు ఫైళ్ల జాడే లేదు.

అసలు కంట్రోలర్ (ఫ్లాపీ డ్రైవ్‌ని నడిపే చిప్) అయితే డిస్క్ బయటికి రాగానే డిస్క్ ఛేంజ్ లైన్ మీద కబురు వెళ్తుంది. డాస్ అది చూసి, గుర్తుపెట్టుకున్న ఫ్యాట్ (ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసుకునే పట్టిక)‌ని పక్కనపడేసి కొత్తగా చదువుకుంటుంది. ఇక్కడ డాస్‌కి కనపడే కంట్రోలర్ ఎమ్యులేటర్ (వీఎంని నడిపే ప్రోగ్రాం) కల్పించింది. నేను బయట డిస్క్ లాగేసిన సంగతి నా సెటప్‌లో దానిదాకా చేరలేదు. దాంతో డాస్ మొదటి ఫ్లాపీ ఫ్యాట్, డైరెక్టరీ సెక్టర్లను రెండోదాని మీద నిక్షేపంగా రాసేసింది. అదృష్టం, డేటా చాలావరకు అలాగే ఉంది. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి, బైట్లను నేరుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో వెతికి తొమ్మిది ఫైళ్లు కోసుకున్నాను. ఒక సాయంత్రం పోయింది.

మార్చేముందు ఎమ్యులేటర్‌కి కమాండ్లిచ్చే మానిటర్ విండో‌లో ఎజెక్ట్ కొట్టి, కొత్తది పెట్టాక ఛేంజ్ కొడితే ఈ బాధ ఉండదు. కానీ పది ఫ్లాపీలకు ఒకసారైనా మర్చిపోతాను. అందుకని ఇప్పుడు ముందే రైట్ ప్రొటెక్ట్ మీట జరిపి, ఒక్కోదాన్ని డీడీ అనే లినక్స్ కమాండుతో ఇమేజ్ తీసి, 14,74,560 బైట్లు (1.44 ఎంబీ ఫ్లాపీ పూర్తి సైజు) వచ్చాయో లేదో చూసుకుని, ఆ ఇమేజే వీఎంకి ఇస్తున్నాను. అంటే నేను అంత పొగిడిన పద్ధతి దాదాపు వదిలేసినట్టే.

నాలుగైదు ఫ్లాపీలే ఉండి, చదవడమే తప్ప రాయనివాళ్లకు నేరుగా తగిలించుకోవడం బాగానే ఉండొచ్చు. నావి పెట్టెడు, పైగా నాకు మతిమరుపు. ఖాళీ ఫ్లాపీ ఒకటి మాత్రం ఇప్పటికీ నేరుగానే పెడతాను, ఆ చప్పుడు కోసం.