వంటలక్కతో అయిదేళ్ళు: 'కార్తీక దీపం' చూసిన కోడలి మాట

మా ఇంట్లో రాత్రి వంట ఏడుంపావుకల్లా అయిపోవాలన్న రూలు నేను పెట్టింది కాదు, మా అత్తయ్య పెట్టిందీ కాదు. స్టార్ మా వాళ్ళు పెట్టింది. ఏడున్నరకు వచ్చే వాళ్ళ సీరియల్ 'కార్తీక దీపం' 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి 23న అయిపోయింది. మొత్తం 1,569 ఎపిసోడ్లు. అన్నీ చూశానంటే అబద్ధం. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు ఏం జరిగిందని అడిగితే అత్తయ్య చెప్పేవారు: "దీప ఏడ్చింది, మోనిత నవ్వింది, కాళ్ళు కడుక్కురా." ఎపిసోడంతా అందులో వచ్చేసేది. నిజంగానే ఏమీ మిగిలేది కాదు.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. డాక్టర్ కార్తీక్ నల్లగా ఉన్న దీపను ఇష్టపడి చేసుకుంటాడు. అతని మీద కన్నేసిన మరో డాక్టరు మోనిత, అతనికి పిల్లలు పుట్టరని దొంగ రిపోర్టు పుట్టిస్తుంది. ఈలోగా దీప నెల తప్పుతుంది. అనుమానం మొదలు. ఆమె ఇల్లు వదిలి కవలల్ని కంటుంది. ఒక పిల్లను అత్తగారు సౌందర్య గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి కార్తీక్ చేతికే ఇస్తుంది. రెండో పిల్లను దీప నాలుగిళ్ళకు వండిపెట్టి పెంచుకుంటుంది. అలా వంటలక్క అయింది. ఇది మలయాళంలో 'కరుత్తముత్తు' పేరుతో వచ్చిన కథే. అక్కడ కూడా మొదట్లో ఈ వేషం మన దీపగా చేసిన ప్రేమి విశ్వనాథే కట్టింది.

సీరియల్లో కోడలు వంటింట్లో ఉండటం వింతేమీ కాదు. ఆ వంటకు కూలి పుచ్చుకోవడం వింత. మా అత్తయ్య మనసు పడిపోయింది అక్కడే. తెనాలిలో ఉన్న రోజుల్లో మామయ్య జీతం నెలల తరబడి ఆగిపోతే ఆవిడ ఆవకాయ, గోంగూర పట్టి అమ్మి ఇల్లు గడిపారట. పెళ్ళయిన ఆరేళ్ళకు, ఈ సీరియల్ చూస్తూనే నాకా సంగతి చెప్పారు. దీప క్యారేజీ సర్దుతుంటే "ఆ గిన్నె అడుగున పెట్టకూడదు, పులుసు తొణుకుతుంది" అని టీవీకి చెప్పేవారు. కష్టాలు ఎన్ని వచ్చినా దీప మొహంలో 'నా కష్టం నేను తింటున్నాను' అన్న బింకం ఒకటి కనబడేది. నా లెక్కలో సీరియల్‌ను నిలబెట్టింది ఆ బింకమే, మలుపులు కాదు.

మలుపుల సంగతికొస్తే, డీఎన్‌ఏ పరీక్ష ఒక్కటి చేయిస్తే వారంలో తేలే గొడవ. పైగా మొగుడు డాక్టరు! ఇదే మాట నేను ఒక రాత్రి విసుగొచ్చి అనేశాను. అత్తయ్య చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే, "కాగితం చూసి నమ్మినోడు రేపు ఇంకో కాగితం చూసి మానేస్తాడమ్మాయ్" అన్నారు. అతగాడు చెడింది ఒక కాగితం వల్లే కదా! ఆ తర్వాత నేను ఆ పరీక్ష ఊసెత్తలేదు. దీప మీద జాలి పోయి గౌరవం పుట్టింది మాత్రం అప్పుడే.

కార్తీక్ అంటే నాకు పడదు. నిరుపమ్ పరిటాల బాగా చేయలేదని కాదు. అంత మంచి మొహం పెట్టుకుని అంత అన్యాయంగా మాట్లాడుతుంటే ఒళ్ళు మండేది. దీప దగ్గర పెరిగే పిల్ల శౌర్యను "రౌడీ" అని పిలిచి ముద్దు చేసే సీన్లలో మాత్రం మెత్తబడేదాన్ని. సొంత కూతురని తెలియకుండానే ప్రేమిస్తాడు, భార్యని తెలిసీ నమ్మడు. మోనితగా శోభా శెట్టి మొదట్లో భయపెట్టింది, పోనుపోను అలవాటైపోయింది. నాకు అందరికంటే నచ్చింది సౌందర్య. నల్లకోడలు వద్దన్న మనిషే తన తప్పు తెలుసుకుని కొడుకుతో తలపడుతుంది. తెలుగు సీరియల్ అత్తల్లో అలా మారినవాళ్ళు ఎందరు!

ఒక్క విషయం మింగుడు పడలేదు. రంగు తక్కువని చిన్నచూపు చూడకూడదని చెప్పే కథకు, రంగు పూసి నల్లగా చేసిన హీరోయిన్ని పెట్టడమేంటి? నాకంటే ముందు ఇది పట్టింది అత్తయ్యకే. ఆవిడది చామనఛాయ కూడా కాదు, నలుపే. ఏదో ఫంక్షన్లో ప్రేమి విశ్వనాథ్‌ను మేకప్ లేకుండా చూపించినప్పుడు కాసేపు మాట్లాడలేదు. "మనలాంటి పిల్లే దొరకలేదేం వీళ్ళకి" అన్నారు. ఏడున్నరకు మళ్ళీ టీవీ ముందే ఉన్నారనుకోండి.

2020లో ఐపీఎల్ మ్యాచులు కూడా ఏడున్నరకే పెట్టడంతో మామయ్య ఫోన్లో స్కోరు చూసుకుని బతికారు. అంత పట్టున్న సీరియల్ని 2022 మార్చిలో వాళ్ళే చేజేతులా చెడగొట్టుకున్నారు. దీపనీ డాక్టర్ బాబునీ ప్రమాదంలో పోయారనిపించి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసేశారు. కొత్త హీరో పాత్ర పేరు నిరుపమ్! పాత హీరో అసలు పేరు కొత్త హీరోకి పెడితే మనం మర్చిపోతామనుకున్నారు కాబోలు. కొన్ని నెలలకు ఇద్దర్నీ మళ్ళీ బతికించి తెచ్చారు. కార్తీక్‌కు గతం గుర్తుండదు, మోనిత పక్కనే ఉంటుంది. అప్పటికి మేం పప్పు తాలింపు వేసుకుంటూ ఒక చెవి మాత్రం అటు పడేసేవాళ్ళం. చివరి ఎపిసోడు రోజు మాత్రం అత్తయ్య మామయ్య చేతిలోంచి రిమోట్ లాక్కున్నారు.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళు జియోహాట్‌స్టార్‌లో మొదటి రెండేళ్ళవీ చూసి ఆపేయండి. ఎపిసోడుకు పది నిమిషాలు చాలు. ఒకే మాటకు ముగ్గురి మొహాలూ మూడేసిసార్లు చూపించేవన్నీ నిర్మొహమాటంగా జరిపేయొచ్చు.

2024 మార్చి 25న అదే జంటతో 'నవవసంతం' అని రెండో భాగం మొదలుపెట్టారు. పేర్లు అవే, కథ వేరు. ఇందులో కార్తీక్‌ది రెస్టారెంట్ల వ్యాపారం. మొదటి వారం చూసి అత్తయ్య కంగారుగా నాకు ఫోన్ చేశారు. "డాక్టర్ బాబు హోటల్ పెట్టాడేంటమ్మాయ్, ప్రాక్టీసు మానేశాడా?" ఇది వేరే కథ అత్తయ్యా అంటే కాసేపు ఆలోచించి, "పోన్లే, వంట చేసే పిల్లకి వంట తెలిసినోడే దొరికాడు" అని పెట్టేశారు.