మూడు రోజుల షీల్డ్ దిగాక ఏమవుతుంది? ఏళ్ల తరబడి ఆడాక నా సమీక్ష

కొత్త గేమ్ అనగానే గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఫోన్ వేడెక్కుతోందా అని అడిగేవాళ్లే ఎక్కువ. స్ట్రాటజీ గేమ్ అయితే నేను ముందు ఇంకోటి చూస్తాను. నిన్న ఇన్‌స్టాల్ చేసుకున్నవాడు, ఏళ్లుగా ఆడి రాటుదేలినవాడి కంట్లో పడితే ఆ గేమ్ ఏం చేస్తుంది? ఈ సమీక్ష అంతా ఆ ఒక్క సంగతి గురించే. గ్రాఫిక్స్ కావాల్సినవాళ్లకి యూట్యూబ్ ఉంది.

నాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్ లేని రోజుల్లో మధ్యాహ్నం దాటితే చేతిలో ఫోనే. మా క్లాన్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, సగం యార్డు వాళ్లు, కోల్డ్ స్టోరేజీ కుర్రాళ్లు. మిగతా సగం విజయవాడలో మా బావ పోగేసిన బ్యాచ్. ఊళ్లు కట్టుకుని ఒకరినొకరు దోచుకునే క్లాష్ ఆఫ్ క్లాన్స్, ట్రావియన్, అంతరిక్షంలో గ్రహాల మీద అదే పని చేసే ఓగేమ్, చదరంగం ఆడుకునే లీచెస్, మధ్యలో పేరు గుర్తులేనివి ఇంకొన్ని ఆడాం. కొత్తవాడిగా దెబ్బలు తిన్నాను, పాతబడ్డాక కొత్తవాళ్లని కొట్టాను కూడా. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి ఇందులో లేవు. వాటిని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఆ గొడవ వేరు.

ఎక్కువ గేమ్‌లలో కనిపించేది గడువు పెట్టి ఇచ్చే రక్షణ. క్లాష్‌లో కొత్త గ్రామానికి మూడు రోజుల షీల్డ్ ఉంటుంది. ట్రావియన్‌లో సర్వర్ (అందరూ కలిసి ఆడే ఒక్కో లోకం) వేగాన్ని బట్టి కొన్ని రోజులు ఇస్తారు, కావాలంటే ఒకసారి పొడిగించుకోవచ్చు. అన్ని రోజులూ మన మీదికి ఎవరూ రాలేరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో కొత్తవాడు ఏం చేస్తాడో చూడండి. గనులు పెంచుతాడు, గోదాములు కడతాడు. సైన్యం జోలికి పోడు. ఎందుకు పోతాడు, ఎవరూ రావడం లేదు కదా! కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రాత్రీపగలూ కట్టుకుంటూ పోతాడు. గడువు తీరేసరికి గోదాములు నిండుగా ఉంటాయి, కాపలాకి ఒక్కడూ ఉండడు.

ఒక బ్రౌజర్ గేమ్‌లో, పేరెందుకులెండి, నాకు సరిగ్గా ఇదే జరిగింది. రక్షణలో ఉన్నవాడి మీద దాడి పంపబోతే ఆ గేమ్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే సరిపోయేది. ఫలానా తేదీ, ఫలానా గంట వరకు ఈ ఆటగాడికి రక్షణ ఉంది అని కూడా చూపిస్తుంది. అంటే ఎప్పుడు రావాలో టైమ్ ఇచ్చి పంపినట్టే. నా గడువు తెల్లవారుజామున తీరింది. పొద్దున యార్డుకి వెళ్తూ ఆటోలో ఫోన్ తెరిస్తే రిపోర్టులన్నీ ఎర్రగా ఉన్నాయి. మొదటి దండు గడువు తీరిన నిమిషంలోనే బయల్దేరింది, పక్క ఊరిదే కాబట్టి పావుగంటలో చేరింది. ఆ తర్వాత గంటకొకటి వచ్చింది. కలప, మట్టి, ఇనుము, గోధుమ, నాలుగూ సున్నా దగ్గర ఉన్నాయి. కింద ఒక మెసేజ్: "పగేం లేదు బ్రో, మా లిస్టులో ఉన్నావు అంతే." మర్యాదగానే చెప్పాడు, పాపం.

గడువు రక్షణతో ఇంకో ఇబ్బంది ఉంది, మనం ఎప్పుడు ఖాళీగా ఉంటామో దానికి తెలియదు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే యార్డులో రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి దిగే రోజులుంటాయి. ఆ రోజుల్లో అన్నం తినడానికే తీరిక ఉండదు, ఇంక షీల్డ్ ఎప్పుడు దిగుతుందో ఎవడు చూస్తాడు? అలారం పెట్టుకుని లేచే విద్యార్థులతో పోటీ పడడం ఉద్యోగం చేసేవాళ్ల వల్ల కాదు.

క్లాష్‌లో షీల్డ్ కంటే నాకు నచ్చింది లూట్ కోత, అంటే చిన్నవాణ్ని దోచుకుంటే దక్కే సొమ్ముని తగ్గించడం. ఫిన్లాండ్ కంపెనీ సూపర్‌సెల్ 2012లో ఐఫోన్‌కి, మరుసటేడు ఆండ్రాయిడ్‌కి తెచ్చిన గేమ్ ఇది. తర్వాత నిబంధనలు చాలా మార్చారు కాబట్టి నేను బాగా ఆడిన కాలం లెక్కే చెబుతున్నాను. మన టౌన్‌హాల్ (ఊరి స్థాయిని చెప్పే ప్రధాన కట్టడం) కంటే ఒక మెట్టు కిందున్నవాణ్ని కొడితే, రావాల్సిన లూట్‌లో 80 శాతమే వస్తుంది. రెండు మెట్లు కిందైతే 50, మూడైతే 25. నాలుగు మెట్లు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే 5 శాతం. ఒక ఊళ్లో రెండు లక్షల బంగారం దొరకాల్సి ఉంటే, బాగా పెద్దవాడికి తెర మీద పదివేలే కనిపిస్తుంది. అప్పట్లో సైన్యం తయారీకి ఎలిక్సిర్ అనే ఇంకో సరుకు ఖర్చయ్యేది, పదివేల కోసం దాన్ని ఎవరూ తగలెయ్యరు. 'నెక్స్ట్' నొక్కి ముందుకి పోతారు. నేనూ అలాగే ఎన్నో చిన్న ఊళ్లని దాటుకుంటూ పోయాను. జాలితో అనుకునేరు, లెక్క కుదరక.

ఇక్కడ కంపెనీ ఎవరికీ నీతులు చెప్పలేదు, ఎవర్నీ బ్యాన్ చెయ్యలేదు. కొత్తవాణ్ని కొట్టడం గిట్టుబాటు కాకుండా చేసింది. పొద్దున లేస్తే వచ్చిన సరుకు, పోయిన ఖర్చు చూసుకునే నాలాంటివాడికి ఇది ఇట్టే ఎక్కింది. దోచుకునేవాడికి కూడా ఖర్చులుంటాయి. ఆ ఖర్చు కంటే రాబడి తగ్గిస్తే, గడువుతో పని లేకుండా వాడే పక్కకి తప్పుకుంటాడు.

అయితే దీనికీ కన్నం ఉంది. అప్పట్లో గేమ్ ప్రత్యర్థిని ట్రోఫీలని (గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గే పాయింట్లని) బట్టి వెతికిచ్చేది. పెద్దవాళ్లు ఒక్క వీరుణ్ని దింపి, వెంటనే ఆట వదిలేసి, కావాలని ఓడిపోయి ట్రోఫీలు దించుకునేవాళ్లు. పదిసార్లు అలా చేస్తే చిన్నవాళ్ల మధ్యకి దిగిపోవచ్చు. దిగాక నాలుగు మెట్ల కిందివాడి జోలికి పోరు, వాడి దగ్గర 5 శాతమే. ఒకటి రెండు మెట్లు కిందున్నవాడు దొరుకుతాడు. అందుకే నా అనుభవంలో ఎక్కువ దెబ్బలు తినేది మరీ కొత్తవాళ్లు కారు. ఆట కాస్త పట్టుబడి, ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నవాళ్లు. ఆట వదిలేసేది కూడా వాళ్లే. మా క్లాన్‌లోంచి వెళ్లిపోయిన కుర్రాళ్లంతా ఆ దశలోనే వెళ్లారు.

షీల్డ్‌ని జెమ్స్‌కి, అంటే అసలు డబ్బుతోనూ కొనుక్కోగల ఆట రత్నాలకి, అమ్మడం మాత్రం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒక రోజుకి 100, వారానికి 250 ఉండేది. భయపడేవాడే కొంటాడు కదా!

ట్రావియన్‌లో దాపుడు గది అని ఒక చిన్న కట్టడం ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు, చూడ్డానికి ఏమీ ఉండదు మరి. ఒక్కో సరుకులో కొంత మొత్తాన్ని అది దాచేస్తుంది, దాడి చేసినవాడికి అది దక్కదు. గాల్ తెగకి ఎక్కువ దాగుతుంది. ట్యూటన్లు అనే ఇంకో తెగవాళ్లు వస్తే మాత్రం పూర్తిగా కాపాడదు. నేను దోచుకునే వైపు ఉన్నప్పుడు దీని విలువ తెలిసింది. రైడ్ (దోపిడీ దాడి) నుంచి దండు తిరిగొచ్చాక రిపోర్టు పక్కన మూట బొమ్మ ఉంటుంది: నిండా, సగమా, ఖాళీనా. వరసగా ఖాళీ మూట కనిపించిన ఊరిని లిస్టులోంచి తీసేస్తాం. అంత దూరం దండుని పంపి ఉత్త చేతులతో రప్పించుకోవడం ఎవరికి కావాలి? కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. గోడ తర్వాత కట్టుకోండి, ముందు దాపుడు గది పెంచండి, పడుకునే ముందు సరుకు ఖర్చు పెట్టేయండి.

అదే గేమ్‌లో, దాడి చేసేవాడి జనాభా మనకంటే బాగా ఎక్కువైతే వాడి బలాన్ని తగ్గించి లెక్కేసే పద్ధతి కూడా ఉంది. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. కానీ సైన్యమే లేని కొత్తవాడికి ఎదుటివాడి బలం పావు వంతు తగ్గితే ఒరిగేదేంటి? ఆపడానికి అక్కడ ఎవరూ లేరు. మధ్యస్థంగా ఆడేవాళ్లకి పనికొస్తుంది అంతే.

ఓగేమ్ వాళ్లది కాస్త వేరే దారి. పాయింట్లలో తేడా మరీ ఎక్కువుంటే కొత్తవాడి మీద దాడే పంపనివ్వదు. ఒకే గ్రహాన్ని 24 గంటల్లో ఆరుసార్లకి మించి కొట్టకూడదని ఒక నిబంధన కూడా ఉంది. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే కొత్తవాణ్ని ఆటలోంచి తరిమేది మొదటి దెబ్బ కాదు, ఏడోదీ ఎనిమిదోదీ. కాకపోతే వారం రోజులు లాగిన్ కాకపోతే పేరు పక్కన నిష్క్రియ గుర్తు పడుతుంది, దాంతో ఆ రక్షణ కూడా పోతుంది. యార్డు సీజన్ సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు.

ఐస్లాండ్ వాళ్ల అంతరిక్ష గేమ్ ఈవ్ ఆన్‌లైన్ గురించి రెండే ముక్కలు, మా ల్యాప్‌టాప్ దాన్ని లాగలేక ఎక్కువ ఆడలేదు. జిటా అనే పెద్ద సంతలో "నాకింత పంపు, రెట్టింపు తిరిగిస్తా" అనేవాళ్లు బారులు తీరి ఉంటారు. ఆటలో అది తప్పు కాదు. కానీ కొత్తవాళ్లు అడుగుపెట్టే ప్రాంతాల్లో వాళ్లని వేధిస్తే మాత్రం కంపెనీ చర్య తీసుకుంటుంది. మోసాన్ని అనుమతించే గేమ్ కూడా ఎక్కడ గీత గీయాలో ఆలోచించింది, అది మెచ్చుకోవాలి.

ఇక చదరంగం. హంపిది విజయవాడ, హారికదీ హరికృష్ణదీ మా గుంటూరు. హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల వరల్డ్ ర్యాపిడ్ గెలిచింది. అందుకని ఈ రెండు ఊళ్లలో పిల్లాడు అల్లరి చేస్తే చెస్‌లో వేసెయ్యడం మామూలైపోయింది. మా మేనల్లుణ్ని కూడా అలాగే వేశారు. వాడికి లీచెస్‌లో ఖాతా తెరిచింది నేనే. 2010లో ఫ్రాన్స్‌లో మొదలైన సైట్ అది. ప్రకటనలు ఉండవు, ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. కొత్త ఖాతాకి 1500 రేటింగ్ (ఆట స్థాయిని చెప్పే అంకె) ఇచ్చి, అది ఇంకా ఖాయం కాదని పక్కన ప్రశ్నార్థకం పెడుతుంది. మొదట్లో ఒక్క ఆట ఓడినా రేటింగ్ బాగా దిగిపోతుంది, అందుకే కొద్ది ఆటల్లోనే పిల్లాడు తన స్థాయి వాళ్ల దగ్గరికి చేరతాడు. ఆ మొదటి కొద్ది ఆటలు మాత్రం ఘోరంగా ఉంటాయని పిల్లలకి ముందే చెప్పాలి. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టేస్తే ఏడుపు తన్నుకొస్తుంది.

కంప్యూటర్ సాయంతో ఆడేవాళ్ల విషయంలో దీన్ని మెచ్చుకోవాల్సిందే. ఒకడి చేతిలో చిత్తుగా ఓడిన కొన్నాళ్లకి మావాడు పరిగెత్తుకొచ్చాడు. "మావయ్యా, నా పాయింట్లు తిరిగొచ్చాయి! వాడు దొంగాట ఆడాడంట!" పట్టుబడినవాడి చేతిలో పోయిన రేటింగ్‌ని వెనక్కి ఇస్తారు. యుద్ధపు గేమ్‌లలో పోయిన గోధుమ తిరిగిరావడం నేను చూడలేదు. కావాలని ఓడిపోయి కిందికి దిగి చిన్నవాళ్లని కొట్టేవాళ్లని కూడా ఇక్కడ గమనిస్తారు. పిల్లలకి కిడ్ మోడ్ ఉంది, పెడితే చాటింగ్, మెసేజ్‌లు అన్నీ బంద్. తీయాలంటే పాస్‌వర్డ్ కావాలి. మావాడి పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

ఇంతవరకు చెప్పింది బయటివాడి నుంచి రక్షణ. ఇన్నేళ్లలో నేను చూసిన దోపిడీలో ఎక్కువ భాగం సొంత కూటమి లోపల జరిగిందే. ట్రావియన్ లాంటి గేమ్‌లలో పెద్ద దండు పెంచేవాడికి తన ఊళ్లలో పండే గోధుమ చాలదు. కొత్తగా చేరినవాళ్లని "రోజూ ఇంత పంపండి" అంటారు. వాళ్లు అపురూపంగా పంపుతారు, పెద్దాయన పేరు పెట్టి అడిగాడు కదా! వాళ్ల ఊరు పెరగదు. సర్వర్ చివర్లో గెలిచినవాళ్ల జాబితాలో వాళ్ల పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. దీన్ని ఏ షీల్డూ ఆపదు, ఎందుకంటే ఇచ్చేవాడు ఇష్టంతోనే ఇస్తున్నాడు.

మా బావతో నాకు ఇదే వాదన. "వాడు పండించిందంతా నీ దండే తింటోంది, వాడికేం మిగిలింది బావా?" అంటే, "వాడికి మన కూటమి పేరుంది కదరా, ఎవడొచ్చి ముట్టుకుంటాడు?" అంటాడు. అందులో నిజం లేకపోలేదు, మా కూటమిలో ఉన్న చిన్నవాళ్లని బయటివాళ్లు కదపరు. కానీ ఆ కాపలాకి వాళ్లు ఎంత కడుతున్నారో వాళ్లకే తెలియదు, నా అభ్యంతరం అక్కడ.

మార్కులు అడిగితే ఇలా వేస్తాను. పదికి లీచెస్‌కి తొమ్మిది. క్లాష్ లూట్ కోతకి ఎనిమిది, అదే క్లాష్ షీల్డ్‌కి అయిదు. ఓగేమ్ ఆరు దాడుల నిబంధనకి ఏడు. ట్రావియన్ దాపుడు గదికి ఏడు, గడువు రక్షణకి నాలుగు. కూటమి లోపలి దోపిడీ విషయంలో నేను ఆడినవాటిలో ఏ గేమ్‌కీ మార్కులు వేయడానికి ఏమీ లేదు. యార్డులో సరుకు అమ్మిన రైతు చేతికి తక్‌పట్టీ ఇస్తాం. తూకం ఎంత, ధర ఎంత, దేనికెంత కోశామో అందులో ఉంటుంది, చదువు రానివాడు కూడా ఎవరి చేతనో చదివించుకుంటాడు. ఈ వారం కూటమికి ఎంత పంపావు, నీకు తిరిగి ఎంత వచ్చింది, నీ మీదికి వచ్చిన దాడుల్లో ఎన్నింటికి సాయం దొరికింది అని కొత్తవాడికి అలాంటి చీటీ ఒకటి ఆదివారం ఆదివారం కనిపించేలా పెడితే చాలు. ఈ మాట రెండు గేమ్‌ల వాళ్లకి సూచనల పెట్టెలో రాసి పంపాను. ఒకరి దగ్గర్నుంచి ధన్యవాదాలు అని వచ్చింది. మా బావ మాత్రం అలాంటిది పెడితే తను ఆట మానేస్తానంటున్నాడు.